కళ్లు మూసుకున్న క్లాసు

"గుంటలు పలక మీద అచ్చరాలు దిద్దాల గానీ, కళ్లు మూసుకోని డబ్బా ఇంటే సదువొచ్చేత్తాదేటి?" అని సూరమ్మ మళ్లీ మొదటికొచ్చింది.

"డబ్బా కాదత్తా, స్పీకరు," అంది సంధ్య పప్పులో తాలింపు పెడుతూ.

"ఏదైతేనేటి. మాటాడతన్నది డబ్బా, జీతం తీసుకుంటన్నది నువ్వు."

గోడకు చేరగిలబడి ఫోన్ చూసుకుంటున్న ఢిల్లేశ్వరరావు తల్లి మాటకు నవ్వబోయి, భార్య ముఖం చూసి మానుకున్నాడు.

పలాసలోని ఆ ఇంట్లో ఈ గొడవ పొద్దుటినుంచీ నడుస్తోంది. సంధ్య వజ్రపుకొత్తూరు అవతల ఒక మత్స్యకారుల ఊరి బడిలో ఒకటి, రెండు తరగతులకు చెబుతుంది. దసరా సెలవుల తర్వాత ఆమె ఒక కొత్త పని మొదలుపెట్టింది. చిన్నపిల్లలకు పనికొచ్చే పాడ్‌కాస్టులు ఏరి తెచ్చి, దొరకనివి తనే ఫోన్లో రికార్డు చేసి, మధ్యాహ్నం భోజనాలయ్యాక స్పీకర్లో వినిపిస్తుంది. కథ సగంలో ఆపుతుంది. తర్వాత ఏమవుతుందో పిల్లలే చెప్పాలి. చూడ్డానికి బొమ్మ ఉండదు కాబట్టి మనసులో వాళ్లే కట్టుకోవాలని, వింటున్నంతసేపూ కళ్లు మూసుకోమంటుంది. తనూ మూసుకుంటుంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఊళ్లో అందరూ పెద్దతల్లి అని పిలిచే ముసలావిడ, మనవరాలికి మందు వేద్దామని బడికి వచ్చి కిటికీలోంచి తొంగిచూసింది. గదినిండా పిల్లలు కళ్లు మూసుకుని కూర్చున్నారు. మధ్యలో మేడమ్, ఆవిడ కళ్లూ మూతబడే ఉన్నాయి. పెద్దతల్లి చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగింది. ఆవిడ సముద్రం ఒడ్డుకు చేరేసరికి, మేడమ్ పిల్లల్ని నిద్రపుచ్చి తనూ నిద్రపోతోందన్న మాట పుట్టింది. మర్నాడు అది చేపల గంపతో పాటు పలాస వచ్చి సూరమ్మ గుమ్మంలో దిగింది. ఈలోగా బడి కమిటీ పెద్ద బైరాగి ఫోన్ చేశాడు. శుక్రవారం తల్లిదండ్రులంతా వస్తున్నారట. నోటుబుక్కులు తెల్లగా ఉన్నాయని కోపంగా ఉన్నారట. కొందరైతే పిల్లల్ని పలాస ప్రైవేటు స్కూలు వ్యాను ఎక్కించేస్తామంటున్నారట.

"ఆపీయ్ సంధ్యా," అన్నాడు ఢిల్లేశ్వరరావు. "బుక్కు నిండా రాయించీయ్. ఆల్లకి కావాల్సిందదే. నీకెందుకీ మాట పడ్డం?"

"ఆపను బావా. రాయమంటే చూసి దించుతారు. నోరు విప్పమంటే ఒక్కరూ విప్పేవారు కాదు. ఇప్పుడిప్పుడే విప్పుతున్నారు."

"ఇనీసి మాటాడితే సదువా?" అంది సూరమ్మ. ఆవిడ ఒళ్లో చేట ఉంది. ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న జీడిపప్పుకు చిన్న కత్తితో పొట్టు తీస్తోంది. ఎదురుగా టీవీలో సీరియల్ నడుస్తోంది. రెండో తరగతి చదివే మనవరాలు ప్రమోదినిని కేకేసింది. "ఒలే పమ్మీ, సౌండు పెంచు. ఆ పెద్దకోడలు మల్లీ ఏడుపు మొదలెట్టింది."

"అత్తా, ఆ పెద్దకోడలు ఏ రంగు చీర కట్టుకుంది?" అని అడిగింది సంధ్య.

"నానేటి సూత్తన్నానా? కత్తి సేతిలో ఉండగా తలెత్తితే ఏలు తెగుద్ది."

"మరి రోజూ పక్కింటావిడకి కథంతా ఎలా చెబుతున్నావు?"

"ఇంటన్నాను కదే." అనేసి సూరమ్మ కత్తి ఆపింది. ఢిల్లేశ్వరరావు ఈసారి నవ్వు ఆపుకోలేదు. "అది ఏరు, ఇది ఏరు," అని ఆవిడ మళ్లీ చేట మీదికి వంగింది.

శుక్రవారం బడి గది నిండిపోయింది. వల పని వదిలేసి వచ్చిన మగాళ్లు గుమ్మం దగ్గరే నిలబడ్డారు. సంధ్య సంజాయిషీ చెప్పలేదు.

"నన్నడగకండి. ఏం విన్నారో మీ పిల్లల్నే అడగండి," అంది.

బైరాగి, పెద్దతల్లి మనవరాలిని ముందుకు పిలిచాడు. ఆ పిల్ల కాసేపు గౌను అంచు నోట్లో పెట్టుకుని నిలబడింది. తర్వాత మొదలుపెట్టింది.

"తాబేలు ఒడ్డుకొచ్చింది. ఇసకలో గొయ్యి తవ్వీసింది. గుడ్లెట్టింది. దానికి తెల్దు కదా, కుక్కలుంటాయని." చేతులతో ఇసుక కప్పి చూపించింది. ఉన్నట్టుండి తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, తాబేలు వల్లో పడితే నువ్వు వల కోత్తావా, దాన్ని లాగీత్తావా?"

"సెప్పు మావా, సెప్పు," అని పక్కవాడు ఆ తండ్రిని మోచేత్తో పొడిచాడు. అందరూ నవ్వారు.

"వలే కోత్తానమ్మా," అన్నాడతను నేల చూస్తూ. తర్వాత బైరాగితో మెల్లగా, "ఇది ఇన్ని మాటలాడతాదని నాకు తెల్దు," అన్నాడు.

పెద్దతల్లి మాత్రం లేచి నిలబడింది. "నిద్దరనుకోని నాను పొరబడ్డాను, ఒప్పుకుంటన్నాను. ఒకటడుగుతాను మేడమ్. మీ పాపకీ ఇదేనేటి సదువు?"

"మా పాప పలాసలో..." అని మొదలుపెట్టింది సంధ్య.

"అదేనమ్మా. మీ గుంట వేనెక్కుతాది. మా గుంటలు డబ్బా ఇంటారు. మంచిదే అయితే మీ గుంటకెందుకొద్దు?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. పిల్లల్ని ఈ బళ్లో ఉంచేదీ లేనిదీ సోమవారం చెబుతామని అందరూ వెళ్లిపోయారు. జీడితోటల మధ్య ఆటోలో వస్తున్నంతసేపూ సంధ్య ఆ ప్రశ్నకు జవాబు వెతికింది.

ఇంటికి రాగానే కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని అదే తాబేలు కథ పెట్టి, కళ్లు మూసుకోమంది.

"మా స్కూల్లో కళ్లు మూసుకుంటే నిలబెడతారమ్మా," అంటూనే ప్రమోదిని మూసుకుంది. కథ సగంలో ఆగగానే పరుగున వెళ్లి నోటుబుక్కు, పెన్సిలు తెచ్చుకుంది. "ఇప్పుడు చెప్పు, రాసుకుంటాను."

"నేను చెప్పను. తర్వాత ఏమవుతుందో నువ్వే చెప్పాలి."

పిల్ల తల్లి ముఖంలోకి చూసింది, జవాబు అక్కడెక్కడో ఉంటుందన్నట్టు. "తప్పు చెప్పినా ఫర్వాలేదా?"

"ఫర్వాలేదు."

"అయితే... నీళ్లలోకి వెళ్లిపోతుంది. వెళ్తూ ఒకసారి వెనక్కి చూస్తుంది."

అట్టలు వేసిన పమ్మి పాత నోటుబుక్కులు మొదటి పేజీ నుంచి చివరి దాకా నిండి ఉన్నాయి. ఎర్రసిరాతో రైట్లు కూడా ఉన్నాయి. ప్రతి వారం సంతకం పెట్టేది తనే. బడి పిల్లల్లో వెతికిన సొంత మాటను తన పిల్లలో ఏనాడూ వెతకలేదని సంధ్యకు అప్పుడు తట్టింది.

భోజనాల దగ్గర అందరికీ వడ్డించి తనూ కూర్చుంది. ఢిల్లేశ్వరరావు మీటింగు సంగతి అడిగాడు.

"సోమవారం నుంచి పమ్మి నాతో వస్తుంది," అంది సంధ్య అన్నం కలుపుకుంటూ. "నా బళ్లోనే, ఆ పిల్లల మధ్యనే కూర్చుంటుంది. రేపు స్కూలుకెళ్లి టీసీ తెస్తాను."

సూరమ్మ తల ఎత్తి ఒకసారి కోడలిని, ఒకసారి మనవరాలిని చూసింది.

"ఏమైనా అనాలంటే అనండి, వింటాను," అంది సంధ్య. "సోమవారం బస్సుకి మాత్రం మేమిద్దరం వెళ్తాం."