మల్లి ఎరిగిన చీర

నాకు కోపం ముక్కు మీదుంటుందని మా ఆయన హన్మండ్లు ఊరంతా చెప్పుకుంటాడు. ఉండదా మరి? పంతొమ్మిది వందల అరవై ఆరులో మా చందూర్ నుంచి కాశీకి బస్సు పోయినప్పుడు, నా ఈడు ఆడవాళ్లంతా గంగలో మునిగొచ్చారు. నేను మాత్రం బర్రె పక్కన కూచుని పాలు పితికాను. మా మల్లి నా చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ సోకనివ్వదు. నాలుగు రోజులు పితకకపోతే పొదుగు గట్టిపడి పాలు ఎండిపోతాయి. బిడ్డలిద్దరూ అత్తగారిళ్లలో ఉన్నారు. మిగిలింది మా ఆయన. ఆయన దగ్గరికి పోతే తన్నడమే దానికి తెలుసు.

అరవై తొమ్మిది మాఘమాసంలో, ఊళ్లో యాత్రలు నడిపే బాపురావు మళ్లీ బస్సు కుదిర్చాడు. నాగపూర్, జబల్‌పూర్, ప్రయాగ, కాశీ, గయ. పోనూ రానూ ఇరవై రెండు రోజులు. మా ఆడబిడ్డ దేవవ్వ తన పేరుతో పాటు నా పేరూ రాయించి వచ్చింది. చెరకు కొట్టమని ఫ్యాక్టరీ చీటీ ఏ రోజొస్తుందో తెలియదు కనుక మా ఆయన కదలలేడు.

"నేను పోను. మల్లి సంగతేంది?" అన్నాను.

"పోతవు," అన్నాడు మా ఆయన. "నీ చీర ఒకటియ్యి. కట్టుకొని నేనే పిండుత. వర్ని ఊర్ల ఒకాయన గట్లనే పిండుతడట."

ఆ మీసాలకు చీరా! నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

మర్నాటి నుంచి కొట్టం తలుపు మూసి నేర్చుకున్నాడు. ఆయన కట్టింది రోజూ నేను పాలు పితికేటప్పుడు కట్టే ఆకుపచ్చ చీర. తవుడూ పేడా నా చెమటా అన్నీ దానికే అంటేవి. మొదటి రోజు మల్లి చెంబును తన్నింది, రెండో రోజు మా ఆయన్ను. నాలుగో రోజు కొంగు వాసన చూసి నిమ్మళంగా నిలబడి సగం చెంబు పాలిచ్చింది.

"ఎవ్వలికన్న చెప్పినవనుకో, ఊరిడిసి పోత," అన్నాడు చీర విప్పుతూ. నిజంగానే పోయేటట్టున్నాడు. ఆ సంగతి దేవవ్వకు కూడా చెప్పలేదు. అదే నేను చేసిన తప్పు.

ఇక సర్దుడు మొదలైంది. మనిషికో రేకుపెట్టె, ఒక మూట. అంతకు మించితే బస్సెక్కనివ్వనని బాపురావు ఇంటింటికీ వచ్చి చెప్పాడు. దేవవ్వ వింటే కదా! సకినాలు, మక్క అటుకులు, రెండు జాడీల మామిడి తొక్కు, గంగమ్మకు మా చేని పసుపు, చివరికి రోకలి కూడా తెచ్చింది.

"రోకలెందుకు వదినె? కాశీల కారం దంచుతవా?"

"దొరకకపోతే?"

రోకలి తీసి పక్కన పెట్టేసరికి నా ఓపిక అయిపోయింది. నేను అటు తిరగగానే మళ్లీ మూటలో పెట్టింది.

బయలుదేరే ముందురోజు మధ్యాహ్నం దేవవ్వ మా కంచె మీద బట్టలారేస్తూ కనిపించింది. మధ్యలో ఆకుపచ్చ చీర. ఉరికి పోయి కొంగు వాసన చూశాను.

"కాశికి పోయే ఇంట్ల మైలబట్ట ఉంచొద్దే," అంది సంబరంగా. "సవుడు మన్ను పెట్టి మంచిగ ఉతికిన."

చీరలోని నా వాసనా, పదిరోజుల కష్టమూ సవుడు నీళ్లలో పోయాయి. అయినా సాయంత్రం మా ఆయన అదే చీర కట్టుకుని కొట్టంలోకి పోయాడు. చెంబు ఎగిరి గోడకు తగిలిన చప్పుడు విన్నాను. నేను పోయి పితికి, పాలు పొయ్యి మీద పెట్టి, రేకుపెట్టె తెరిచి నా బట్టలు ఒక్కొక్కటే బయట పడేశాను.

"ఉన్న సంగతి నాకెందుకు చెప్పలే?" అని చీర సంగతి విన్న దేవవ్వ ఏడుపందుకుంది.

"వదినె, నువ్వన్న పోయిరా. నా రాత గింతే," అన్నాను. నాకూ ఏడుపొచ్చింది. ఈసారి తప్పితే గంగను చూడకుండానే పోతానని గట్టిగా అనిపించింది.

మా ఆయన నా బట్టలు ఒక్కొక్కటే ఏరి పెట్టెలో పెట్టాడు. తర్వాత నన్ను ఎగాదిగా చూశాడు.

"ఈ ఎర్రచీర ఎన్నడు కట్టినవు?"

"మొన్న పొద్దుగాల. ఈ సర్దుడుల తానం చేసే తీరికెక్కడిది?"

"బరాబర్, గదే గావాలె. పొద్దుగాల దీన్నే ఇడిసియ్యి."

తెల్లారి తలకు పోసుకుని, గంగలో మునిగాక కడదామని దాచిన కొత్తచీర కట్టుకున్నాను. ఎర్రచీర ఆయన చేతిలో పెడుతుండగానే రోడ్డు మీద హారన్ మోగింది. బస్సు ముందే వచ్చింది.

"నువ్వు పో. నీ మాట ఇనబడితే అది నా దిక్కు సూడదు," అని తలుపేసుకున్నాడు.

దేవవ్వ పెట్టెలు రెండూ పైకెక్కించింది. నేను మాత్రం ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడ్డాను. సాగనంపడానికి వచ్చిన ఊరంతా అక్కడే ఉంది.

"ఎక్కక్కా, నాగపూర్ శానా దూరం," అని బాపురావు గోల పెట్టాడు.

"పాలు కనబడాలె. లేకుంటే నా పెట్టె దించు."

"కాశికి పాలెందుకక్కా?" అని వాడు తల పట్టుకున్నాడు. డ్రైవర్ ఇంకోసారి హారన్ కొట్టాడు. ఇక లాభం లేదని మెట్టు మీది కాలు దించాను.

అప్పుడొచ్చాడు మా ఆయన. వీధి మధ్యలో ఉరుకుతూ వచ్చాడు. ధోవతి మీద ఎర్రచీర, నెత్తిన కొంగు, కొంగు కింద మీసాలు, చేతిలో నురగ కారుతున్న చెంబు.

"సేపిందే నాగవ్వా! చెంబు నిండ ఇచ్చింది! ఎక్కు జల్ది!"

ఊరు ఊరంతా విరగబడి నవ్వింది. ఎవరికన్నా చెబితే ఊరిడిసి పోతానన్న మనిషి, అందరి ముందూ అట్లాగే వచ్చి చెంబు నా నోటికి అందించాడు. వెచ్చటి పాలు ఒక్క గుక్క తాగాను. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన మీద నాకంత ప్రేమ ఎన్నడూ పుట్టలేదు. నోటితో చెప్పడం రాక, "బెల్లం ఉట్టి మీదున్నది, పొయ్యి మీద పాలు మరిచేవు," అని కసిరి బస్సెక్కాను.

బస్సు కదిలింది. ఆయన చెంబు పట్టుకుని రోడ్డు మీదే నిలబడ్డాడు.

"కొంగన్న దించుకొమ్మని చెప్పవే," అంది దేవవ్వ కిటికీలోంచి తొంగిచూస్తూ. "అందరు నవ్వుతున్నరు."

"నవ్వనియ్యి వదినె," అన్నాను కళ్లు తుడుచుకుంటూ. "మల్లి నవ్వలే గద."