ఖుద్సియా మిద్దె మీద టమాటలు

లాడ్ బజార్‌లో లక్కగాజులు చేసే నసీరుద్దీన్ ఇల్లు దబీర్‌పురాలో ఉండేది. ఇంట్లో ముగ్గురే. అతను, తల్లి షౌకత్ బీ, కొత్తగా వచ్చిన భార్య ఖుద్సియా. వంటగది అంతా షౌకత్ బీ రాజ్యం. ఉప్పు ఎంత వేయాలో, చింతపండు ఎంత నానాలో ఆవిడే చెప్పాలి. కోడలు ఉల్లిగడ్డలు తరిగి పెట్టి, పక్కకు జరిగి నిలబడేది. పొద్దంతా ఏం చేయాలో తోచక ఖుద్సియా మిద్దె ఎక్కేది. చుట్టూ ఎత్తైన పిట్టగోడ ఉండటంతో అక్కడ పరదా ఫికర్ ఉండేది కాదు.

పక్కింటి మాణిక్యమ్మ సికింద్రాబాద్‌లో ఒక దొర ఇంట్లో ఆయా. రెండిళ్ళ మధ్య గోడలో ఆడవాళ్ళు వచ్చిపోవడానికి చిన్న తలుపు ఉండేది. ఒక సాయంత్రం ఆమె ఆ తలుపులోంచి వచ్చి, కొంగుముడి విప్పి, ఎర్రటి పండు ఒకటి ఖుద్సియా చేతిలో పెట్టింది.

"ఏంది మాణిక్యమ్మక్కా ఇది?"

"టమాట. దొరసాని తోటల మస్తు కాసినయి. మీవోళ్ళు విలాయతీ బైంగన్ అంటరు సూడు, గదే."

పేరు విన్నదే గాని ఖుద్సియా దాన్ని ఎప్పుడూ తినలేదు. ఆ ఇంటి గడప అవి తొక్కలేదు. షౌకత్ బీ దూరం నుంచే మొహం చిట్లించింది.

"ఇంగ్లీషోళ్ళు తినేది మనకెందుకు? మన చింతపండుకు ఏమైంది?"

ఖుద్సియా పండు తీసుకుని మిద్దె ఎక్కింది. దాన్ని కోసి, ఉప్పు అద్దుకుని తిన్నది. పులుపూ తీపీ కలిసిన ఆ రుచికి కళ్ళు మూసుకుంది. గింజల్ని మాత్రం బూడిదలో కలిపి ఎండబెట్టి దాచింది.

ఎండలు ముదిరే రోజుల్లో వాటిని మిద్దె మీద కుండల్లో నాటింది. మొక్కలు ఏపుగా పెరిగాయి, పసుపుపచ్చని పూలు పూశాయి, పూసినవి పూసినట్టే రాలిపోయాయి. ఒక్క పిందె కూడా నిలవలేదు.

"పూలు సూసుకుంట కూసో. రాత్రికి అవే వండుకుందాం," అంది షౌకత్ బీ.

ఖుద్సియా నొచ్చుకుంది గాని వదల్లేదు. రోజూ చూడగా చూడగా ఆమెకు ఒకటి తెలిసింది. గోడనీడలో ఉన్న కుండలోని పూలు, ఎండలో ఉన్నవాటికంటే ఆలస్యంగా రాలుతున్నాయి. అంటే మొక్కలో లోపం లేదు, ఎండే వాటిని కాల్చేస్తున్నది. మిగిలిన గింజలను మూటగట్టి, వానలు వెనకపట్టే దాకా ఓపిగ్గా ఆగింది.

ఈసారి ఏర్పాట్లు పెద్దగానే చేసింది. పగిలిన కుండలు, పాత ఊరగాయ జాడీలు, గ్యాసునూనె డబ్బాలు పోగుచేసింది. నసీరుద్దీన్ డబ్బాల అడుగున మేకుతో తూట్లు పొడిచి ఇచ్చాడు. చాంద్రాయణగుట్ట వైపు పోయినప్పుడు ఎర్రమట్టి, మేకల ఎరువు గోనెలో తెచ్చాడు. లక్క కరిగించే పొయ్యిలోని బూడిద కూడా రోజూ ఇంటికి వచ్చేది. దాన్ని ఆకుల మీద చల్లితే పురుగు దగ్గరికి రావడం లేదని ఖుద్సియా కనిపెట్టింది. బావిలో చేదుకున్న నీళ్ళను బిందెతో మెట్లెక్కించేది. కాడలు వంగితే పాత దుపట్టా చింపి వెదురుపుల్లలకు కట్టేది. పని నుంచి రాగానే నసీరుద్దీన్ మిద్దె ఎక్కేవాడు. ఇంట్లో గొంతు పెగలని భార్య అక్కడ ఒక్కో మొక్క గురించీ ఆపకుండా చెబుతుంటే, గాజుల మీద అద్దాలు అతకడం తప్ప ఇంకేమీ తెలియని అతను నోరు తెరుచుకుని వినేవాడు.

చలికాలానికి గుత్తులు గుత్తులుగా కాశాయి. ఇంకా పచ్చివే. రేపో మాపో రంగు తిరుగుతాయనగా ఒక శుక్రవారం మధ్యాహ్నం, నసీరుద్దీన్ నమాజుకు పోయిన వేళ, మిద్దె మీద డబ్బాలు దొర్లిన చప్పుడైంది. అత్తాకోడళ్ళు పరుగున ఎక్కేసరికి కోతుల గుంపు పిట్టగోడ దూకి పోతున్నది. కొరికి పారేసిన కాయలు, పగిలిన కుండలు, విరిగిన కొమ్మలు. నిలబడి ఉన్న మొక్క ఒక్కటీ లేదు.

కోడలు ఏడుస్తుందని షౌకత్ బీ అనుకుంది. ఖుద్సియా ఏడవలేదు. కూర్చుని విరిగిన కొమ్మల్ని ఒక్కటొక్కటే ఏరసాగింది.

నసీరుద్దీన్ వచ్చి చూసి నీరుగారిపోయాడు. "ఇడిసిపెట్టు, ఖుద్సియా. నీ మెహనత్ అంత మట్టిల కలిసింది. ఇంక వద్దు."

"ఆగండి, గిది సూడండి." ఆమె ఒక కొమ్మను పైకెత్తింది. అది ఎప్పుడో వంగి డబ్బాలోని మట్టి మీద పడుకుని పెరిగిన కొమ్మ. మట్టి తాకిన చోటల్లా తెల్లటి వేర్లు వచ్చాయి. "గీ ఒక్కదానికి వచ్చినయంటే, కడమవాటికి గూడ ఎందుకు రావు?"

పొద్దుగూకే లోపల విరిగిన కొమ్మలన్నిటినీ తడిమట్టిలో గుచ్చింది. కుండలు చాలక పగిలిన పెంకుల్లోనూ, వంటగదిలోని పాత గిన్నెల్లోనూ నాటింది. గోడనీడన వాటన్నిటినీ వరుసగా పెట్టి, పైన తడిపిన గోనెపట్టా కప్పింది.

మరునాటికి కొమ్మలన్నీ వాలిపోయాయి. ఆ తర్వాత కొన్నాళ్ళు అలాగే చచ్చినట్టు పడి ఉన్నాయి. ఒక తెల్లవారుజామున ఖుద్సియా మిద్దె ఎక్కేసరికి అక్కడ షౌకత్ బీ ఉంది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కని మనిషి, చెంబు పట్టుకుని గోనెపట్టా మీద నీళ్ళు చిలకరిస్తున్నది.

"అట్ల సూస్తున్నవేంది, దుల్హన్? గోనె ఎండింది, నీళ్ళు పోసిన. గంతే."

"అమ్మీజాన్..."

"కోతులు నాకు గూడ దుష్మన్లే," అని షౌకత్ బీ చెంబు కోడలి చేతికిచ్చి, గోడ పట్టుకుని మెల్లగా దిగిపోయింది.

కొమ్మలు ఒక్కొక్కటే తలలెత్తాయి. కొన్ని ఎండిపోయినా, బతికినవే మిద్దెకు పట్టనన్ని అయ్యాయి. ఖుద్సియా కొన్నిటిని గోడలోని తలుపులోంచి మాణిక్యమ్మకు ఇచ్చింది. మాణిక్యమ్మ అవతలి ఇంటి నాగమణమ్మకు ఇచ్చింది. అలా గల్లీలో మిద్దె మిద్దెకూ పాకాయి. ఒకరి మొహం ఒకరు ఎరగని ఆడవాళ్ళు పిట్టగోడల మీదుగా, "ఖుద్సియా బీబీ, ఆకులు ముడుసుకుంటున్నయి, ఏం జెయ్యాలె?" అని అడిగేవాళ్ళు. ఖుద్సియా ఉన్నచోటి నుంచే జవాబు చెప్పేది. ఆమె గొంతు అంత గట్టిగా వినిపిస్తుందని ఇంట్లోవాళ్ళకే అప్పటిదాకా తెలియదు. షౌకత్ బీ మాత్రం పాన్‌దాన్ పక్కన పెట్టుకుని, పొడుగాటి వెదురుకర్రతో మిద్దె మీద కావలి కూర్చునేది. ఎక్కడ కోతి కనిపించినా ఆవిడ అరుపుకు గల్లీ మొత్తం కర్రలు తీసేది.

చలి తగ్గుతుండగా కాయలు ఎర్రబడ్డాయి. తొలి పళ్ళు కోసుకుని కిందికి దిగిన ఖుద్సియాను చూసి, షౌకత్ బీ పొయ్యి ముందు నుంచి లేచింది.

"ఇయ్యాల కూర నువ్వొండు."

ఖుద్సియా పళ్ళను ఉడికించి, చిలికి, కరివేపాకు, ఎండుమిర్చి, జీలకర్రతో బగారా తాలింపు పెట్టి, ఉడికిన గుడ్లు వేసింది. షౌకత్ బీ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"మిర్చి జర ఎక్కువైంది," అని షౌకత్ బీ గిన్నె దగ్గరికి లాక్కుని మళ్ళీ వడ్డించుకుంది.

ఆ నెలలోనే చుట్టాలు కొందరు ఇంటికి వచ్చారు. షౌకత్ బీ వాళ్ళను కూర్చోనివ్వకుండానే మెట్ల వైపు నడిపించింది. ఎర్రటి గుత్తులు చూసి వాళ్ళు ఆశ్చర్యపోతుంటే, ఆయాసపడుతూనే చెప్పింది.

"మా దుల్హన్ పెంచింది. కోతులు ముక్కలు ముక్కలు జేసినయి. ఇంకొకరైతే ఊడ్చి పారేస్తుండె. ఇది ఆ ముక్కలతోనే గల్లీ అంత తోట జేసింది."

ఖుద్సియా తలవంచుకుని, వాళ్ళు తీసుకుపోవడానికి ఒక కొమ్మను డబ్బాలో నాటుతూ ఉండిపోయింది.