కౌంట్‌డౌన్‌లో నవ్వు

నాగూర్‌బీ స్టూడియో అద్దాన్ని లోపలివైపు తుడిచి, బయటికొచ్చి, అద్దం మీద నోటి ఆవిరి ఊది మళ్ళీ మొదలుపెట్టింది. అవతల ఆర్జే కిరీటి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మైకులో మాట్లాడుతున్నాడు. అతని పెదాలు ఇక్కడ కదులుతుంటే మాట మాత్రం కారిడార్ చివర సీలింగు స్పీకర్లోంచి వస్తుంది. పనిలో చేరిన కొత్తలో ఆమెకది దయ్యాల వ్యవహారంలా ఉండేది. ఇప్పుడు అలవాటైపోయింది.

"ఈ ఏడాది మన స్టేషన్లో ఎక్కువసార్లు మోగిన యాభై పాటలు. యాభైలో మొదలెట్టాం, సాయంత్రానికి ఒకటికి దిగుతాం. ఇప్పుడు ముప్పయ్యో నంబరు."

ఆ మాట వెనకే ఒక ఆడమనిషి నవ్వింది. ఆ నవ్వు ముందు ముక్కులోంచి చిన్నగా జారింది. ఆపుకోబోయి ఆగక, మెట్లెక్కినట్టు పైకి పోయి, ఊపిరందక "అయ్యో నాయనో" అని కిందపడి, మళ్ళీ లేచింది. తర్వాత పాట.

నాగూర్‌బీ మొహం అద్దానికి దగ్గరగా పెట్టుకుని, తుడిచినచోటే తుడుస్తూ నిలబడింది. చీర మీద వేసుకున్న నీలం కోటు భుజాల దగ్గర వదులుగా వేలాడుతోంది. ఫినాయిలుకి చేతివేళ్ళ కొసలు పగిలి, గీతల్లో నలుపు దిగింది. నలభై దాటిన మనిషి, మెడ వంచుకుని నడిచే అలవాటు వల్ల ఇంకా పెద్దదానిలా కనిపిస్తుంది. ఆ నవ్వు ఆమెదే అంటే ఎవరూ నమ్మరు. ఆ ధైర్యంతోనే ఇన్నాళ్ళూ గడుపుకొచ్చింది.

ఎండాకాలంలో జరిగిందది. భర్త సైదావలి వన్ టౌన్ సందులో పరుపుల కొట్టు నడిపేవాడు. ఒకరోజు దూది మూట ఎత్తబోయి అలాగే కూలిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆస్పత్రి నుంచి భవానీపురంలో ఇంటికి తెచ్చిన వారంలోనే ఆమె మళ్ళీ పనికి రావాల్సొచ్చింది. ఆ పొద్దున సైదావలికి పక్కబట్టలు మారుస్తుంటే ఆయన గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఆ ఏడుపు చెవిలో పెట్టుకునే ఆమె బస్సెక్కింది.

ఆఫీసులో కిరీటి నల్లుల మందు ప్రకటన రిహార్సల్ చేస్తున్నాడు. తనే మగ నల్లి అయి, ముక్కుతో ఏడుస్తూ, "ఇక ఈ పరుపులో మనం బతకలేమే, పద, కాపరం ఎత్తేద్దాం" అని పెళ్ళాంతో చెబుతున్నాడు. తలుపు తెరిచే ఉంది. మాపు కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నాగూర్‌బీకి, పాతికేళ్ళుగా కొట్టుకి వచ్చిపోయిన పాత పరుపులన్నీ, వాటి నల్లుల కాపరాలన్నీ ఒక్కసారి కళ్ళ ముందు కదిలాయి. నవ్వు తన్నుకొచ్చింది. కర్ర పట్టుకునే కిందికి జారి కూర్చుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. మైకు ఆన్‌లోనే ఉంది.

"ఆంటీ, ఇది వాడుకోనా?" అన్నాడు కిరీటి.

"దాందేముంది బాబూ, నవ్వేగా" అంది.

ఎక్కడో ఒకసారి వేసి ఊరుకుంటాడనుకుంది. అతను దాన్ని కౌంట్‌డౌన్ గుర్తుగా పెట్టాడు. అప్పటినుంచి ఆదివారం ఆదివారం, ఇప్పుడు ఏడాది చివరి కౌంట్‌డౌన్ ప్రకటనలతో ఈ నెలంతా, ఆటోల్లో, టిఫిన్ బళ్ళ దగ్గర, సెల్‌ఫోన్ షాపుల్లో ఆ నవ్వే. మంచంలో మొగుణ్ణి పెట్టుకుని నవ్విన నవ్వు. విన్నప్పుడల్లా ఎవరో నడిరోడ్డు మీద తన కొంగు లాగినట్టుండేది.

అంతకంటే సిగ్గుపడే సంగతి ఇంకొకటుంది. అది ఎవరికీ చెప్పుకోలేనిది. ఆమెకి పనిలోకి రావడం ఇష్టం. ఈ చల్లటి కారిడార్లో, ఎవరివో మాటలు, ఎవరివో పాటలు వింటూ తుడుచుకుంటూ పోతుంటే ఇల్లు గుర్తురాదు. సాయంత్రం బస్సు భవానీపురం మలుపు తిరుగుతుంటే గుండె బరువెక్కుతుంది. ఆ నవ్వులో ఆ సంగతంతా ఉందనీ, చెవి పెట్టి వింటే ఎవరికైనా తెలిసిపోతుందనీ ఆమె భయం.

ఇంట్లో మొదటిసారి అది మోగినప్పుడు ఆయనకి జావ తాగిస్తోంది. నవ్వు వినగానే సైదావలి నోరు తెరిచి అలాగే ఆగిపోయాడు.

"ఎవరే?" అన్నాడు. జబ్బు చేశాక ఆయన మాట ముద్దగా వస్తుంది.

"ఎవరో బొంబాయి మనిషంట. మిషన్లో పెట్టి వేస్తారంట."

ఆయన ఆమె వంక కాసేపు చూశాడు. తర్వాత స్పూను కోసం నోరు తెరిచాడు.

పెళ్ళయిన కొత్తలో కొట్టు పైగదిలో కాపరం. ఒక మధ్యాహ్నం పక్కింటి పిల్ల ఏదో అంటే నాగూర్‌బీ ఇలాగే నవ్వింది. సైదావలి మెట్లెక్కి వచ్చి, "కింద బేరాలు జరుగుతున్నాయి. నలుగురూ వినేటట్టు అంత గట్టిగా ఏంటి?" అన్నాడు. కోప్పడలేదు, మామూలుగానే అన్నాడు. కానీ ఆ తర్వాత ఆ ఇంట్లో ఆమె గొంతెత్తి నవ్వలేదు. అలాంటి మనిషికి, ఊరంతా వింటున్నది నీ పెళ్ళాం నవ్వే అని ఏ మొహం పెట్టుకుని చెప్పడం?

ఇవాళ పొద్దున బస్సులో డ్రైవరు రేడియో పెట్టాడు. నవ్వు రాగానే ముందు సీట్లో ఒకావిడ, "ఇంట్లో ఏ బాధా లేని మనిషై ఉంటదిలే" అంది పక్కావిడతో. నాగూర్‌బీ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం పాట నడుస్తుండగా కిరీటి హుషారుగా బయటికొచ్చాడు.

"ఆంటీ, సాయంత్రం ఉండాలి మీరు. నంబర్ వన్‌కి ముందు మిమ్మల్ని లోపల కూర్చోబెడతా. ఏడాదంతా మనల్ని నవ్వించింది ఈవిడే అని పేరుతో సహా చెబుతా. లైవ్‌లో ఒక్కసారి నవ్వారంటే అదిరిపోద్ది."

ఆమె చేతిలో గుడ్డ బకెట్లో పడింది.

"వద్దు బాబూ."

"సిగ్గెందుకండీ? ఎంతమంది అడుగుతున్నారో తెలుసా?"

"వద్దు బాబూ. నా పేరు చెప్పొద్దు. ఆ నవ్వు కూడా తీసెయ్యండి. మీకు దణ్ణం పెడతా."

ఆమె నిజంగానే చేతులు జోడించింది. కిరీటి మొహంలో హుషారు పోయింది.

"ఏమైంది ఆంటీ?"

"మా ఆయన మంచంలో ఉన్నాడు బాబూ, ఎండాకాలం నుంచి. ఆ నవ్వు నవ్వేనాటికే మంచంలో ఉన్నాడు. అక్కడ ఆయన అట్లా పడుంటే నేనిక్కడ..."

కిరీటి నేల చూశాడు. "నాకు తెలియదండీ" అన్నాడు. "రోజూ చూస్తాను మిమ్మల్ని. అసలు తెలియనే తెలియదు. ఇక వెయ్యను."

మాట నిలబెట్టుకున్నాడు. తర్వాతి నంబరుకి నవ్వు బదులు డ్రమ్ము మోగింది. నాగూర్‌బీ గట్టిగా ఊపిరి వదిలింది. పీడ వదిలిందనుకుంది. అయినా ఒక్కో నంబరు చెప్పినప్పుడల్లా ఆమె చేతిలో గుడ్డ ఒక క్షణం ఆగేది. డ్రమ్ము మోగాక మళ్ళీ కదిలేది.

సాయంత్రం బస్సు నిండా కొత్త సంవత్సరం కేకు పెట్టెలు. ఎవరి ఒళ్ళో పెట్టె వాళ్ళు జాగ్రత్తగా పట్టుకుని కూర్చున్నారు. భవానీపురంలో దిగేసరికి కృష్ణ మీంచి చలిగాలి వీస్తోంది. వరండాలో పక్కింటి సువార్తమ్మ, రాత్రి చర్చికి కట్టుకెళ్ళే తెల్ల చీర ఇస్త్రీ చేసుకుంటోంది. పగలంతా సైదావలిని కనిపెట్టుకుని ఉండేది ఆవిడే.

"వచ్చావా? ఇయాల మీ ఆయన నన్ను వేపుకుతిన్నాడే తల్లీ" అంది ఇస్త్రీ ఆపకుండా.

"ఏం, ఒంట్లో బాలేదా?"

"ఒంట్లో బానే ఉంది. మధ్యాన్నం నుంచి రేడియోలో ఆ నవ్వేది మానేశారు. ఇక అప్పట్నుంచి ఒకటే గొడవ. 'నాగూరు ఇయాల డ్యూటీకి పోలేదా' అంటాడు. పోయిందిగా సైదావలీ, నీకు చెప్పే పోయిందిగా అన్నా. 'పోతే మరి నవ్వదేం? ఏమన్నా అయిందా మనిషికి?' అంటాడు. జ్వరమేమోనని నుదురు పట్టుకు చూశాను. చల్లగానే ఉంది."

నాగూర్‌బీ లోపలి గది వైపు చూసింది.

"చలిగాలని పొద్దున నేనే చెవుల్లో దూది పెట్టా. దానివల్ల వినపడట్లేదేమో, తీసెయ్యమన్నాడు. తీశా. అయినా రాలేదంట పాపం. చూసి చూసి ఇందాకే పడుకున్నాడు. లేపకు."

నాగూర్‌బీ చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. స్టూలు మీద రేడియోలో నంబర్ వన్ పాట మోగుతోంది. సైదావలి అటు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆమె రేడియో కట్టేసి మంచం పట్టె మీద కూర్చుంది. దారిపొడుగునా పీడ వదిలిందనుకుంటూ వచ్చినందుకు ఒళ్ళంతా ముడుచుకుపోయింది. ఇన్ని నెలలూ ఆయనకి తెలుసు. తను అబద్ధమాడుతుంటే తెలియనట్టే జావ తాగాడు. అది మోగినప్పుడల్లా ఆయన మూతి ఎడమ కొస లేచేది. ఆ బొంబాయి మనిషి నవ్వు నచ్చిందిలే అని తను లోపల్లోపల కుళ్ళుకుంది కూడా.

"ఏమయ్యా" అంది, చెవి దగ్గరికి వంగి. "పోయానయ్యా డ్యూటీకి. నాకేం కాలేదు. నవ్విందీ నేనే, తీసెయ్యమన్నదీ నేనే. రేపు పోయి మళ్ళీ పెట్టమని అడుగుతా."

ఆయన కదల్లేదు. నిద్రలో ఉన్నాడనుకుని బాగున్న ఎడమ భుజం మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తియ్యకుండా చాలాసేపు అలాగే కూర్చుంది. తర్వాత లేచి గుమ్మం దాకా వెళ్ళి సువార్తమ్మని పిలిచింది.

వీధి కదిలింది. నిద్రలోనే పోయాడు, అదృష్టవంతుడన్నారు. నువ్వు చేసిన సేవ ఎవరూ చెయ్యరన్నారు. ఆ మాటకి నాగూర్‌బీ తలెత్తలేకపోయింది. మసీదు నుంచి పెద్దలు వచ్చి ఆయన్ని స్నానానికి వసారాలోకి తీసుకెళ్ళారు. చెవుల్లో పెట్టడానికి శుభ్రమైన దూది కావాలని ఎవరో లోపలికి కేకేశారు. కొట్టు మూసినప్పుడు తెచ్చిన మూటలోంచి ఆమె ఒక పాయ తీసి ఇచ్చింది.

గదిలోకి తిరిగొచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. నలిగిన దుప్పటి అంచున, సువార్తమ్మ తీసి పక్కనపెట్టిన రెండు దూది ఉండలు, చెవి ఆకారానికి అణిగి, కొసన కాస్త నూనె పసుపుతో, పక్కపక్కన పడున్నాయి.