చెల్లసామి నడిపిన ఇంజను

కార్తీశ్వరి కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో అట్టలు కోసే మిషను మీద పనిచేస్తుంది. ఇంటికొచ్చాక కూడా ఆమె కోసేది అట్టే, కానీ అది రైలింజన్ల కోసం. అసలు ఇంజనులో ఎనభై ఏడో వంతు సైజులో, బోల్టులతో సహా అచ్చుగుద్దినట్టు చేస్తుంది. ఇంట్లో బల్లమీద పట్టాలు పరిచి రైళ్ళు నడుపుకునే సరదా ఉన్నవాళ్ళు చెన్నై నుంచి, కోయంబత్తూరు నుంచి అడిగి చేయించుకుంటారు. కిటికీ ఒకటి కాస్త పక్కకు జరిగినా వాళ్ళు ఫోను చేస్తారు.

చెల్లసామి ఆమెకు మామ వరస, కార్తీశ్వరి వాళ్ళమ్మకు పెద్దమ్మ కొడుకు. విరుదునగర్ దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో షంటింగ్ ఇంజను, అంటే వ్యాగన్లను అటూ ఇటూ లాగే చిన్న డీజిల్ ఇంజను, సర్వీసంతా అదొక్కటే నడిపాడు. ఆయన రిటైరైన ఏడాదే దాన్ని తుక్కు కింద కోసేశారు. దాని బొమ్మ ఒకటి చేసిపెట్టమని ఆయన కార్తీశ్వరిని అడిగాడు. ఆయన దగ్గరున్నది ఒకే ఫొటో. ఆకుపచ్చ ఇంజను, డ్రైవరు ఉండే క్యాబు తలుపు దగ్గర చెల్లసామి, కింద మెట్టుమీద కాలు పెట్టి నవ్వుతున్న ఇసక్కి. ఇసక్కి వ్యాగన్లను తగిలించే పని చేసేవాడు. పోలియో వల్ల అతని కాలు ఒకటి పొట్టి. మెట్టు అందక అవస్థ పడుతుంటే చెల్లసామే వర్క్‌షాపులో చెప్పి ఇంజను ఎడమవైపు వెనక మూలన ఉన్న మెట్ల కింద ఇంకొకటి, కడ్డీ వంచి, వెల్డింగు పెట్టించాడు. ఇసక్కి చనిపోయాడు. ఫొటో ఇస్తూ చెల్లసామి ఇదంతా చెప్పాడు.

ఒక్క ఫొటోతో బొమ్మ చేయడం కష్టం. చక్రాల మధ్య దూరమెంత, వ్యాగన్లకు ఆనే బఫర్లు ఎంత ఎత్తు అనేది అందులో తేలలేదు. ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో నీలం రంగు ఇంజనొకటి నడుస్తోంది. అదీ ఆ సైజుదే కాబట్టి కొలతలకు పనికొస్తుందని, దాని డ్రైవరు జెయకుమార్‌ను అడిగి ఒక ఆదివారం వెళ్ళి చుట్టూ ఫొటోలు తీసుకుంది.

పైనుంచి చూస్తే ఆ రెండింటికీ ఏ పోలికా లేదు. పాతదాని బానెట్, అంటే మోటారును కప్పే పెట్టె, పొట్టి, క్యాబు మూలలు గుండ్రం. నీలందాని బానెట్ ఎత్తు, క్యాబు పెట్టెలా చదరం, నంబరు వేరు. కానీ కార్తీశ్వరికి ఇంజనును కిందినుంచి గీసే అలవాటు. పాత ఇంజన్లను విప్పి తిరగకట్టేవాళ్ళు పైభాగమంతా మార్చేస్తారు, చక్రాలమీది అడుగు చట్రాన్ని మాత్రం అలాగే వదిలేస్తారు. అందుకే ఏది కొత్తదో ఏది తిరగకట్టిందో తెలుసుకోవాలంటే కిందే చూడాలి. పాత ఫొటోలో చట్రం పక్క పలకకు గ్యాసుతో కోసినట్టు వంకరగా ఒక రంధ్రం కనిపిస్తుంది. నీలందానిలోనూ అలాగే ఉంది. సరేలే, అనుకోకుండా కలిసిందేమో అనుకుంది. తర్వాత ఎడమవైపు వెనక మూల ఫొటో తెరిచింది. మెట్ల కింద వంచిన కడ్డీ వేలాడుతోంది.

అంటే ఇది ఇసక్కి కోసం పెట్టించిన కడ్డీయే. కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుని, పాత ఫొటోలో ఇసక్కి కాలు ఎక్కడుందో మరోసారి చూసింది. జెయకుమార్‌కు ఫోను చేస్తే, పాత బండే కదా అక్కా, పైనంతా మార్చి తెచ్చారు అని మామూలుగా చెప్పాడు.

మర్నాడే సెలవు పెట్టి విరుదునగర్ వెళ్ళింది. చెల్లసామి ఇల్లు ఆ ఫ్యాక్టరీ లైను గేటు పక్కనే. నీలం ఇంజను వచ్చే వేళకు ఆయన లోపలికి వెళ్ళి తలుపేసుకుంటాడని భార్య పొన్నుత్తాయి ఎప్పుడూ చెప్పేది. తన బండిని చంపి ఆ చోటికి వచ్చిందని దానిమీద ఆయనకు అంత కసి.

"మామా, నీ ఇంజనుని కోయలేదు. ఆ నీలం బండి నీదే" అంది కార్తీశ్వరి.

"నా కండ్లారా చూస్తిని పాపా. గ్యాసు పెట్టి క్యాబు కోసిరి. తాళలేక వచ్చేస్తిని."

"క్యాబే కోసిరి మామా. చట్రాన్ని లారీలో ఎత్తుకోని పోయి, పైన కొత్తది కట్టి తెచ్చిరి."

ఫోను ఆయన చేతికిచ్చింది. చెల్లసామి కళ్ళజోడు పెట్టుకుని కడ్డీని పెద్దది చేసి చూశాడు. ఫోను దించి భార్య వైపు తిరిగి, "దినామూ దాన్ని తిడితిని గదే" అన్నాడు.

ఆ సాయంత్రమే ముగ్గురూ ఫ్యాక్టరీ లైను దగ్గరికి వెళ్ళారు. జెయకుమార్ బండి ఆపాడు. చెల్లసామి వంగి ఆ కడ్డీని పట్టుకున్నాడు, చట్రాన్ని చేత్తో తడిమాడు. అప్పుడే అటు వచ్చిన మేస్త్రీ ముత్తురాజ్ ఆయనతో ఏళ్ళ తరబడి పనిచేసినవాడు. ఈ మాట తనకెందుకు చెప్పలేదని చెల్లసామి అడిగాడు.

ముత్తురాజ్ బిత్తరపోయాడు. "నీకు తెలుసనుకొంటిని అన్నా. అందరికీ తెలిసిందే గదా."

ఇంజను సంగతికన్నా ఈ మాటే ఆయన్ని ఎక్కువగా కుదిపేసింది. జెయకుమార్ పైకి రమ్మని పిలిస్తే తల అడ్డంగా ఊపి, ఇంటిదారి పట్టాడు.

తర్వాత ఆయన నుంచి ఫోను లేదు. చెప్పకుండా ఉండాల్సిందా అని కార్తీశ్వరి మథనపడింది. సగం కోసిన ఆకుపచ్చ అట్టలు బల్లమీద అలాగే ఉండిపోయాయి. ఆయన సరిగా తినడంలేదని, అయితే బండి వచ్చే వేళకు ఇప్పుడు లోపలికి పోవడంలేదని, తిన్నెమీదే కూర్చుని చూస్తున్నాడని పొన్నుత్తాయి ఫోనులో చెప్పింది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ ఆయనే కోవిల్‌పట్టి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చాడు. బొమ్మను ఆకుపచ్చగా వద్దన్నాడు. ఇప్పుడున్నట్టే, నీలంగా, ఎత్తు బానెట్‌తో చేయమన్నాడు.

"పాతదే కావాలంటివే మామా?"

"అది నాకు తెలుసు పాపా, కండ్లు మూసినా అగుపిస్తుంది. దీన్నే నేను సరిగా చూడలేదు. నిదానంగా చూడాల."

కార్తీశ్వరి అట్టలన్నీ పక్కన పెట్టి కొత్తగా మొదలుపెట్టింది. ఏదైనా కొలత తెలియకపోతే చెల్లసామికి చెప్పేది. ఆయన వెళ్ళి, జెయకుమార్ టేపు పట్టుకుంటే కొలిచి ఫోనులో చెప్పేవాడు. మొదట్లో బండికి దూరంగా నిలబడేవాడట, తర్వాత్తర్వాత బానెట్ తలుపులు కూడా తీయించి చూసేవాడట.

బొమ్మ పూర్తయ్యాక ఆమే తీసుకెళ్ళి ఇచ్చింది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇన్నాళ్ళ తర్వాత కూడా ఆ నీలం బండి తనదేనని ఆ మనిషికి నమ్మకం కుదరలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"ఇదేనా పాపా?" అని మెల్లగా అడిగాడు.

"ఇదే మామా" అంది కార్తీశ్వరి.