అయానిక బలం లెక్క

సూరత్ దగ్గర హజీరాలో ఒక ఫ్యాక్టరీ నీటి ల్యాబ్‌లో వరప్రసాద్ సీనియర్ కెమిస్టు. కాకినాడ మనిషి. పెళ్లైన కొత్తలోనే భార్య అమూల్యతో సూరత్ వచ్చి అడాజన్‌లో స్థిరపడ్డాడు. యంత్రాలను చల్లబరిచే నీటిలో ఏ ఉప్పులు ఎంత కరిగి ఉన్నాయో చూసి, గొట్టాల్లో సున్నం పేరుకోకుండా ఎంత యాసిడ్ కలపాలో చెప్పడం అతని పని. దానికి ముందు ఆ నీటి అయానిక బలం తెలియాలి. కరిగిన ఒక్కో అయాన్ గాఢతను దాని విద్యుదావేశపు వర్గంతో గుణించి, అన్నీ కూడి, సగం చేస్తే వచ్చే అంకె అది. కంప్యూటర్ క్షణంలో చేసే లెక్కే. కానీ వరప్రసాద్ పరీక్ష ఫలితాలు చూస్తూనే ఒక అంకె నోటితో చెప్పేవాడు. కంప్యూటర్ అంకె దానికి దగ్గర్లో లేకపోతే ఎవరో ఎక్కడో తప్పు కొట్టారన్నమాట. అతని సంతకం లేనిదే యాసిడ్ మోతాదు మారేది కాదు.

అతని దగ్గర పని నేర్చుకున్న పిల్ల సింధూజ. సూరత్‌లోనే అమ్రోలిలో ఉంటూ పవర్‌లూమ్ నడిపే సోమలింగం కూతురు. ఎమ్మెస్సీ చదివి ల్యాబ్‌లో చేరింది.

రెండో వేవ్ మొదట్లో వరప్రసాద్‌కు కరోనా వచ్చింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉండి, చిక్కి సగమై ఇల్లు చేరాడు. మెల్లగా ఆకలి తిరిగొచ్చింది, కాఫీ వాసన తెలిసింది. కంపెనీ బస్సులో సీటు విడిచి సీటు కూర్చుని మళ్లీ డ్యూటీకి వెళ్లసాగాడు. ఎవరికీ ఏ తేడా కనపడలేదు.

అమూల్యకు మాత్రం కనపడింది. ఆమె స్కూల్లో లెక్కల టీచరు. ఒక ఆదివారం పొద్దున ఆన్‌లైన్ క్లాసుకు ప్రశ్నలు తయారుచేసుకుంటూ, భర్తను సరదాగా ఒకటి అడిగింది.

"సోడియం సల్ఫేట్ ద్రావణం, గాఢత పాయింట్ ఒకటి. అయానిక బలం ఎంతండీ?"

సోడియం అయాన్లు రెండు కాబట్టి పాయింట్ రెండు అన్నాడు. సల్ఫేట్ ఆవేశం రెండు, వర్గం నాలుగు, పాయింట్ నాలుగు అన్నాడు. అక్కడ ఆగాడు. పాయింట్ నాలుగు చేతికొచ్చేసరికి పాయింట్ రెండు జారిపోయింది. మళ్లీ మొదలెట్టాడు. మూడోసారి కూడా అక్కడే ఆగి, టీ చల్లారిపోతోందంటూ లేచాడు. అమూల్య స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చింది.

డాక్టరు కరోనా తర్వాత కొందరికి ఇలా అవుతుందని, కొన్ని నెలల్లో సర్దుకోవచ్చని అన్నాడు. ల్యాబ్‌లో చెప్పమని అమూల్య బతిమాలింది. కంప్యూటర్ ఉందిగా అన్నాడు వరప్రసాద్.

ఆ రోజుల్లోనే సోమలింగానికీ కరోనా వస్తే సివిల్ ఆసుపత్రిలో చేర్చారు. సింధూజ సెలవు దొరక్క డ్యూటీకి వస్తోంది. ఒక సాయంత్రం హడావిడిలో, మిల్లీగ్రాముల్లో ఉన్న కాల్షియం అంకెను మిల్లీమోల్స్ గడిలో కొట్టింది. కాల్షియం నలభై రెట్లు పెరిగి, అయానిక బలం ఎక్కడికో పోయింది. అది సముద్రపు నీటికి కూడా ఉండని అంకె. వరప్రసాద్ దాన్ని చూశాడు, సంతకం చేశాడు. మోతాదుకు మించి యాసిడ్ వెళ్లింది. తెల్లారి చూస్తే గొట్టాలను యాసిడ్ తినేసి నీళ్లు కారుతున్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ ప్లాంటు ఆపేయాల్సొచ్చింది.

విచారణకు పిలిచే ముందు సింధూజ అతని టేబుల్ దగ్గరకొచ్చింది.

"తప్పు నాది సార్. మనసంత దవాఖానల ఉండె. ఏ గడిల కొడుతున్ననో చూస్కోలే. గట్లనే చెప్త."

"నీ తప్పు పట్టుకోడానికే కదమ్మా నా సంతకం," అన్నాడు వరప్రసాద్. "ఆ అంకె చూశాను. చూస్తే నాకేమీ అనిపించలేదు."

సింధూజ తలెత్తి అతని ముఖంలోకి చూసింది. అప్పటికి గానీ ఆమెకు అర్థం కాలేదు.

మేనేజరుతో అతనే అంతా చెప్పాడు. తనకు కాగితం మీద చిన్న లెక్క ఇచ్చి చూడమన్నాడు కూడా. మేనేజరు ఇవ్వలేదు. మంచినీళ్లు తెప్పించి, ఎటో చూస్తూ కూర్చున్నాడు. సింధూజను హెచ్చరికతో వదిలేశారు. వరప్రసాద్‌ను మొదట సెలవు మీద, తర్వాత పూర్తిగా ఇంటికి పంపారు. విచారణ జరిగిన వారమే సోమలింగం పోయాడు. శవాన్ని ఇంటికివ్వలేదు.

తండ్రి పోయాక సింధూజ అప్పుడప్పుడూ ఫోన్ చేసి ల్యాబ్ సందేహాలు అడిగేది. మెగ్నీషియం ఎక్కువుంటే ఏం చేయాలి సార్ అనేది. వరప్రసాద్ విని, చూసి చెప్తానని పెట్టేసేవాడు. కాగితం ముందేసుకుని కూర్చునేవాడు. ఎప్పుడూ తిరిగి చెప్పలేదు.

చలికాలంలో ఒకసారి ఆమె ఇంకా అడుగుతూ ఉండగానే ఆపాడు.

"ఇక అడక్కమ్మా. నీకు జవాబు తెలుసని నువ్వడుగుతుంటేనే తెలిసిపోతోంది."

"సరే సార్" అంది సింధూజ.

మళ్లీ ఆమె ఫోన్ రాలేదు. ఆ మాట అన్నందుకు వరప్రసాద్ బాధపడుతూనే ఉన్నాడు. అతన్నే ఫోన్ చేయమని అమూల్య ఎన్నోసార్లు చెప్పింది. చేస్తే ఏం మాట్లాడాలో అతనికి తెలియలేదు.