మర్యాదకు రమ్మన్నందుకు

“అత్తమ్మా, నువ్వు గూడ రారాదు?” అని రూప అన్నది ఉత్త మర్యాదకే. జల్‌పల్లిలో ఊరికి పోయేవాళ్లు ఇంట్లోవాళ్లను అలాగే అంటారు. వాళ్లు కూడా “అయ్యో, నాకెక్కడ కుదుర్తది, మీరు పోయిరాండ్రి” అంటారు. ఇద్దరి మర్యాదా దక్కుతుంది. మాణిక్యమ్మ ఆ రెండో ముక్క అనలేదు. బియ్యం చెరుగుతున్న చాట పక్కన పెట్టి, “శుక్రవారమా? సరే, వస్త” అంది.

రూప కొంప మునిగింది. ఈ ప్రయాణం పెట్టుకున్నదే అత్త లేనిచోట మొగుడితో ఒక్క మాట మాట్లాడటానికి.

వాళ్లవి రెండు గదులు. ఈ గదిలో తుమ్మితే ఆ గదిలోంచి మాణిక్యమ్మ చిరంజీవ అంటుంది. మొగుడు బబ్లూ ఏసీలు బాగుచేస్తాడు. మంచివాడే, వంక పెట్టడానికి లేదు, ఒక్కటి తప్ప. ఏది అడిగినా ముందు తల్లి ముఖం చూస్తాడు, ఆ తర్వాతే నోరు తెరుస్తాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అన్నా అంతే. నాలుక ఎవరిదో అని రూప ఎన్నిసార్లు పళ్లు నూరుకుందో.

ఇప్పుడు అడగాల్సింది ఉప్పు సంగతి కాదు. సంతోష్‌నగర్‌లో ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న రూపకు సర్కారు ఉద్యోగం వచ్చింది. ఎక్కడో దూరాన, అడవుల నడుమ ఉట్నూరులో. వచ్చే గురువారం లోపల చేరాలి. బబ్లూ తనతో వస్తాడా రాడా? ఆ జవాబు అతని నోట్లోంచే రావాలి, తల్లి ముఖంలోంచి కాదు. అందుకే, ఆస్పత్రిలో లెక్కలు రాసే ఫణి, భీమిలి ఎర్రమట్టి దిబ్బల్లో ఒక రోజు, పక్క కొండల మీద ఒక రోజు, వీపున సంచులేసుకుని నడుద్దాం అంటూ మనుషులను పోగేస్తుంటే, గబుక్కున రెండు పేర్లు ఇచ్చింది. ఇప్పుడవి మూడయ్యాయి.

శుక్రవారం మాణిక్యమ్మ కొడుకు పనిముట్ల సంచిని ఖాళీ చేసి, దాంట్లో జొన్నరొట్టెలూ మామిడి తొక్కూ కుక్కి వీపుకు తగిలించుకుంది. రైల్లో ఖమ్మం వచ్చేసరికి పెట్టెలో ఎవరి కూతురికి ఎన్నో నెలో ఆమెకు తెలిసిపోయింది. రూప మాత్రం బెర్తు మీద కూర్చోలేదు, పడుకోలేదు. సంచి విప్పింది, సర్దింది, మళ్లీ విప్పింది.

దిబ్బల దగ్గర అంతా ఎర్రని ఇసుక. అడుగు ముందుకు వేస్తే అర అడుగు వెనక్కి జారుతోంది. బబ్లూ కుర్రాళ్లతో కలిసి ఫొటోలకని ముందుకు పరిగెత్తాడు. వెనకాలే పోదామని రూప కాళ్లు ఉరుకుతున్నాయి, కానీ అత్తమ్మ చెప్పులు ఇసుకలో దిగబడుతున్నాయి. “పిన్నిగారూ, నిదానంగా రండి, తొందరేం లేదు!” అని ఫణి పైనుంచి అరిచాడు. తొందర లేనిది వాళ్లకి.

“ఏందే బిడ్డా,” అంది మాణిక్యమ్మ ఆయాసపడుతూ. “రైలెక్కినప్పటి సంది నీ కాలు ఒక్కతాన నిలుస్తలేదు. కడుపునొస్తుందా?”

“ఏం లేదత్తమ్మా.”

“ఏం లేకుంటే గా సంచి బెల్టు గన్నిసార్లు ఎందుకు ఇప్పి కడ్తున్నవ్?”

రూప ఇక ఆగలేకపోయింది. “నౌకరి వచ్చింది నాకు. ఉట్నూరుల, సర్కారు దవాఖానల. గీ ముచ్చట ఆయనతోని చెప్దామని ఈడిదాక వచ్చిన. నువ్వు ఎంబడి వస్తివి.”

“ఇంట్ల చెప్తే ఏమైతుండె?”

“ఇంట్ల నాకు జవాబు చెప్పడు. నీ మొకం జూస్తడు.”

అనేశాక రూపకు భయం వేసింది. ఇంట్లో అయితే ఈ మాటకు పెద్ద లొల్లి అయ్యేది. మాణిక్యమ్మ ఇసుకలో కూలబడి, చెప్పు విప్పి దులిపింది. చాలాసేపు దులిపింది.

“పెండ్లి లేకుండ, సావు లేకుండ నన్ను ఏడికీ ఎవ్వలు రమ్మనలే,” అంది చివరికి. “నువ్వన్నవ్. మర్యాదకే అన్నవని నాకెర్కే. ఎర్కుండే వచ్చిన.”

రూపకు ఏడుపొచ్చింది. కోపం కూడా పోలేదు. ఆ రెండింటినీ ఏం చేసుకోవాలో తెలియక అత్త చెయ్యి పట్టి లేపింది. ఆ తర్వాత మాణిక్యమ్మ ఉద్యోగం ఊసే ఎత్తలేదు. రాత్రి పడుకోవడానికి వేసిన గుడారం దగ్గర అన్నం తిన్నప్పుడూ ఎత్తలేదు, పొద్దున టీ తాగినప్పుడూ ఎత్తలేదు. కడుపులో మాట దాచుకోవడం ఆమెకు చేతకాని పని. ఏం తలపెట్టిందో అని రూప ఆమెనే కనిపెట్టుకుని తిరిగింది.

ఆ పొద్దునే పావురాళ్ళ కొండ ఎక్కారు. పైన పాత ఇటుకల గోడలు, కింద సముద్రం. మిగతావాళ్లు ఆ గోడలు చూడటానికి పోయారు. ముగ్గురూ ఒక బండ మీద కూర్చుని, మాణిక్యమ్మ వీపు మీది సంచిలోంచే రొట్టెలు తీశారు. సాయంత్రం రైలు, తెల్లారితే మళ్లీ ఆ రెండు గదులే. ఇంకెప్పుడు? రూప తింటున్నది వదిలేసి లేచి నిలబడింది.

“బబ్లూ, నాకు ఉట్నూరుల సర్కారు నౌకరి వచ్చింది. బేస్తారం లోపల చేరాలె. నేను పోదామనుకుంటున్న. నువ్వు నాతోని వస్తవా?”

బబ్లూ నమలడం ఆగిపోయింది. అలవాటు చొప్పున అతని తల తల్లి వైపు తిరిగింది.

అక్కడ ముఖం లేదు. మాణిక్యమ్మ ఎప్పుడు తిరిగిందో ఏమో, వాళ్లకు వీపు పెట్టి, తల మీద కొంగు కప్పుకుని, సముద్రం వైపు కూర్చుంది. అతనికి కనబడుతున్నది తన పనిముట్ల సంచి ఒక్కటే.

“అమ్మా?”

పలకలేదు.

“అమ్మా, విన్నవా?”

వినకేం. పక్క గదిలో తుమ్మినా పలికే మనిషి. నిలబడి ఉన్న రూపకు పక్కనుంచి కనబడుతూనే ఉంది, కొంగు కొసను పళ్ల మధ్య గట్టిగా కరిచి పట్టుకుంది ఆమె.

బబ్లూ ఆ సంచిని కాసేపు చూశాడు. చూడటానికి ఇంకేమీ లేక మెల్లగా రూప వైపు తిరిగాడు. పెళ్లయినప్పటి నుంచి ఆమె ముఖాన్ని అంతసేపు ఎప్పుడూ చూడలేదు.

“ఉట్నూరుల ఏసీలుంటయా?” అని అడిగాడు. ఆమెనే అడిగాడు.

“దవాఖానల ఉన్నయంట. ఖరాబైతే జేసెటోళ్లు లేరంట.”

రూప కాళ్లు అప్పుడు నిలిచాయి. మాణిక్యమ్మ మాత్రం ఇటు తిరగలేదు, కొంగూ వదల్లేదు.