వీపు వెనక చెయ్యి

పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి మా అమ్మాయి హిమజ ఏ గదిలో ఉంటే ఆ గది ఎడమవైపుకి ఒరుగుతోంది. ఆసుపత్రివాళ్లు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టారు. నేను తలగడలు పెట్టాను. ఆ తలగడలు పిల్లల్ని పెడుతున్నాయి.

ఈరోజు పరీక్ష. తనంతట తాను కూర్చుంటేనే నడక నేర్పే హాలుకి తలుపు ఉంటుందట. లేకపోతే అది గోడ అయిపోతుందట. తాపీవాళ్లు అప్పుడే సిమెంటు కలుపుతున్నారు, మా ఎదురుగానే. చూస్తుంటే ఒళ్లు మండిపోతోంది.

ఫిజియోథెరపీ డాక్టరు కిరీటి ముందు పక్కకి తిరగమంటాడు. హిమజ పళ్లు బిగించి, చచ్చుబడిన వైపుకి దొర్లుతుంది. అంతే, వార్డులో ఆడవాళ్లందరూ పళ్లేలతో వచ్చేస్తారు.

"పిల్ల బోర్లా పడిపోనాది కదా పిన్నీ, బొబ్బట్లేవి?"

"అవి దాని పసితనంలోనే పంచీసేను. పెళ్లయి, బిడ్డున్న మనిషికి మళ్లీ ఏటి పంచీది? పొండి!"

వాళ్లు పోరు. ఖాళీ పళ్లేల్లోంచే తుంచుకుని తింటారు. నెయ్యి తక్కువైందంటారు.

"ఇప్పుడు మంచం అంచున కూర్చోవాలి. మీరు చెయ్యి తియ్యండమ్మా," అంటాడు కిరీటి.

నా చెయ్యి దాని వీపు వెనక ఉంది.

"పడిపోద్ది."

"పడుతుందో లేదో చూడ్డమే పరీక్ష. మీ చేతికి మార్కులు వెయ్యలేను కదా."

"తల పగిల్తే నీ మార్కులెట్టి అతుకుతావా నాయనా?"

అయినా చెయ్యి రాదు. అది దాని వెన్నులోకి వేర్లు దించుకుంది.

హిమజ మాట ముద్దగానే ఉంది, కోపం మాత్రం స్పష్టంగా ఉంది. "చెయ్యి పీకీ అమ్మా. నువ్వు పట్టుకుంటే నా నడుం నాకు తెలీట్లేదు. పడితే పడతాను."

దీని కోసం తిండీ నిద్రా మానేస్తే, దీని మాట చూడండి! ఆ మంట మీదే పీకేస్తాను. అరచేతినిండా తడిమట్టి.

గది ఒక్కసారిగా ఒరిగిపోతుంది. మంచాలూ, పళ్లేలూ, తాపీవాళ్లూ, కిరీటీ, అందరం ఎడమగోడకేసి జారిపోతాం. నేను అందర్నీ పేరుపేరునా తిడుతూ జారుతున్నాను.

హిమజ ఇటు ఊగుతుంది. అటు ఊగుతుంది. ఆగుతుంది. కింద నుంచి మంచం జారిపోయినా అది అలాగే కూర్చుని ఉంది.

కిటికీలో విశాఖ సముద్రం నిలువుగా లేచి ఉంది. దాని మీద ఒక చేపల పడవ పైకి పాకుతోంది. పడవలో మనిషి ఒక కన్ను మూసి, మా అమ్మాయి నడుం మట్టానికి గురి చూసుకుంటూ, సముద్రాన్ని కొంచెం కొంచెంగా కిందికి దించుతున్నాడు.